ఎస్తేరు వినని కేసెట్టు

అది 2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. మహబూబాబాద్‌లో, మా నోటికి మానుకోటలో, స్టేషన్ వెనక సందులో నాది మోటారు వైండింగ్ షాపు. వైండింగ్ అంటే, కాలిపోయిన మోటారులోంచి పాత రాగి తీగ పీకేసి కొత్తది చుట్టడం. దేవరుప్పుల నుంచి వచ్చి అప్పటికే ఇరవై ఏళ్లకు పైగా ఆ సందులో తీగ చుడుతున్నాను. బాయి మోటార్లు, పిండి గిర్నీ మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు, తీరిక దొరికితే టేప్ రికార్డర్లు. చదువు పదో తరగతితో సరి. అయినా మోటారు మోత వింటే చాలు, దాని రోగం చెప్పేస్తానని నాకు గొప్ప పొగరు. ఆ పొగరు కొంచెం దిగింది ఈ కేసుతోనే.

సమ్మెతో గనుల్లో బొగ్గు ఆగింది, బస్సులు ఆగాయి. కరెంటు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది, వచ్చినా సన్నగా వచ్చేది. ఆ సన్నటి కరెంటుతో నడిపితే మోటార్లు కాలిపోతాయి. పొలాల్లో వరి పొట్ట మీద ఉండటంతో రైతులు నడపక తప్పదు. అందుకని ఊరంతా పనులు బందయినా నా షాపు ముందు మాత్రం మోటార్లు బారులు తీరి ఉండేవి. పొద్దున చేతి మిషను మీద తీగ చుట్టి, మధ్యాహ్నం కరెంటు వచ్చాక పరీక్ష చేసేవాణ్ని.

ఒకరోజు పొద్దున్నే ఆటోలోంచి ప్రభాకర్ దిగాడు. భూపాలపల్లి గనిలో ఎలక్ట్రీషియన్. వాళ్లిల్లు మానుకోటలోనే, మా వెనక వాడలో. సమ్మె కదా, ఇంటికి వచ్చి ఉన్నాడు. వెంట అన్న కూతురు రూతు, వదినె ఎస్తేరు. రూతు చేతిలో ఒక పొడుగు సంచి, ప్రభాకర్ భుజాన ఇంకొకటి.

"యాకన్నా, గిటారుకు వైండింగ్ చేస్తవా?" అన్నాడు.

"బొగ్గు తియ్యక మా కరెంటు కొండెక్కించినవ్. ఇప్పుడు గిటారుతోని నీళ్లు పారిస్తవా?" అన్నాను.

"సమ్మె నాదొక్కనిదేనా? నీది గాదా?" అని నవ్వి, సంచులు బల్ల మీద పెట్టాడు. ఎస్తేరు లోపలికి రాలేదు. బయట రేకుల కింద, కాలిన మోటార్ల పక్కన బెంచీ మీద కూర్చుంది.

కరెంటు గిటారు తంతుల కింద పికప్ అనే చిన్న డబ్బీ ఉంటుంది. అయస్కాంతం చుట్టూ తల వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు. తంతి కదిలితే ఆ తీగలో కరెంటు పుడుతుంది, అది యాంప్లిఫయర్‌లోకి పోయి మోగుతుంది. చుట్లు ఎక్కువైతే శబ్దం లావు, తక్కువైతే సన్నం. మొత్తానికి నా పనే, కాకపోతే చీమంత సైజులో.

ప్రభాకర్ అన్న సామేలు కరెంటు గిటారు వాయించేవాడు. కాజీపేట నుంచి ఊరు మారిపోతున్న ఒక రైల్వే కుటుంబం దగ్గర పాతది కొనుక్కున్నాడట. జనగామ దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పటికి రూతు తల్లి కడుపులో ఉంది. అటక మీద పెట్టిన గిటారును చెదలు తినేశాయి. మిగిలింది ఒకే ఒక్క కేసెట్టు. చనిపోవడానికి కొన్నాళ్ల ముందు ఇంట్లో కూర్చుని, తను కట్టుకున్న పాటను గిటారు మీద వాయిస్తూ పాడి రికార్డు చేసుకున్నది. రూతు తండ్రిని ఎరిగింది ఆ కేసెట్టులోనే. అడిగి తెచ్చుకున్న గిటారు మీద వాయించడం నేర్చుకున్నదీ దాన్ని వింటూనే. ఆ పిల్లకు పందొమ్మిదేళ్లు వచ్చేసరికి, నాయిన గిటారు లాంటిదే కొనిస్తానన్న మాటను చిన్నాయిన ఇన్నాళ్లకు నిలబెట్టుకోబోతున్నాడు.

చిక్కంతా ఏ గిటారన్న దగ్గరే వచ్చింది. ఒకటి సికింద్రాబాద్ దుకాణం నుంచి చూడటానికి తెచ్చింది. దాన్ని రీఇష్యూ అంటారట. కంపెనీ తన పాతకాలపు మోడల్‌ను అదే రంగు, అదే మూతలు, అదే స్క్రూలతో మళ్లీ చేస్తుంది. సామేలు ఫోటోలో ఉన్న గిటారుకు అచ్చు జోడు. రెండోది కస్టమ్. అంటే ఒక మనిషి చెయ్యి కొలత చూసి, అతను అడిగిన కర్రతో ఒక్కటే ఒక్కటి చేసేది. హన్మకొండలో ఆర్కెస్ట్రా మానేసిన ఒకతను ఇష్టపడి బెంగళూరులో చేయించుకున్నది, ఇప్పుడు అమ్ముతున్నాడు. అతనివీ చిన్న చేతులేనట, రూతు చేతికి కుట్టించినట్టు సరిపోయింది. రెంటిలో ఒకటి మర్నాడు వెనక్కి పోవాలి.

"నాకు గిదే," అని ప్రభాకర్ రీఇష్యూ మీద చెయ్యి వేశాడు. "చూస్తెనే మా అన్న యాదికొస్తుండు."

"చూస్తె ఏమొస్తది చిన్నాయినా? సప్పుడు గలుస్తలేదు," అంది రూతు. "కేసెట్టుల నాయిన గిటారు సన్నగుంటది. గిది లావుగ మోగుతది. గాయన పాట పక్కన వాయిస్తె సుతి గూడ పడ్తలేదు. తంతులు బిగిస్తె తెగుతున్నయ్. కస్టమ్ల ఒక బటన్ ఉన్నది, కాయిల్‌ల సగం చుట్లు బందయితయ్. అప్పుడు జర దగ్గరికొస్తది."

"అందుకే యాకన్నా, ఈ రీఇష్యూ పికప్ల చుట్లు జర తీసెయ్. సన్నగయితది," అన్నాడు ప్రభాకర్.

నేను వద్దనలేదు. అదే నా తప్పు. దుకాణంవాళ్లను అడిగిన తర్వాతేనని ఒక మాట అన్నాను కానీ, అప్పటికే నా చేయి స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. అంత సన్నని తీగను ఇంతవరకు ముట్టింది లేదు. చేసి చూపించాలని నా చేతులు దురద పెడుతున్నాయి.

"వదినె ఏమంటది?" అని మాట వరసకు అడిగాను.

ప్రభాకర్ గొంతు తగ్గించాడు. "వదినె ఆ కేసెట్టు ఇననే ఇనది అన్నా. పెడితె లేచిపోతది. గది ఆయన గొంతే గాదంటది. దుఃఖం గదా."

నేనూ తల ఊపాను. దుఃఖమే అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఇంట్లోవాళ్లూ, వాడకట్టువాళ్లూ అదే అనుకున్నారు. మనిషి పోయిన ఆడది ఒక మాట అంటే అది దుఃఖమేనని ఎంత తొందరగా ఖాయం చేసేస్తామో. ఆమె బయట బెంచీ మీద కొంగుతో ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

పికప్ స్క్రూలు రెండు విప్పాక, అసలు శబ్దం ఎంత సన్నగా కావాలో వింటే మంచిదనిపించింది. కరెంటు కోసం ఆగాం. రెండు దాటాక వచ్చింది. బల్ల కింద నా ట్రాన్స్‌ఫార్మర్ 'మ్మ్' అని మోత పెట్టింది. ఇంగ్లీషులో హమ్ అంటారు. కరెంటు సన్నబడితే ఆ మోత మెల్లగా వినిపిస్తుంది తప్ప దాని శ్రుతి మాత్రం దాదాపు మారదు. ఇరవై ఏళ్లు రోజంతా విన్నాను, నిద్రలో లేపి అడిగినా ఆ శ్రుతి పట్టగలను.

వాళ్ల టేప్ రికార్డర్‌లోనే కేసెట్టు పెట్టాను. రికార్డర్ అరగడంతో గొంతు మారిందేమోనని ముందు వేరే కేసెట్టు వేసి చూశాను. అది సరిగ్గానే పాడింది. తర్వాత సామేలుది పెట్టాను. పాటకు ముందు కాసేపు ఏమీ లేదు, అతని యాంప్లిఫయర్ మోత మాత్రమే. తర్వాత పిల్లగాడి గొంతులాంటి గొంతు గబగబా ఒక మాట అంది. అది ఏమిటో కూడా సరిగా తెలియలేదు. ఆ తర్వాత పాట.

నేను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ మోత విన్నాను. ఒక చెవి రికార్డర్‌కు, ఒక చెవి బల్ల కిందికి. రెండు మోతలు కలవడం లేదు. కేసెట్టులోది పై శ్రుతిలో ఉంది. మానుకోట కరెంటు సామేలు ఇంటికి ఒక శ్రుతిలో, నా షాపుకు ఒక శ్రుతిలో రాదు కదా.

"మీ ఇంట్ల అప్పుడు ప్లగ్గులు ఎన్ని?" అని అడిగాను.

"ఒక్కటే," అన్నాడు ప్రభాకర్. "దాంట్ల గిటారు డబ్బా పెట్టెటోడు."

"మరి రికార్డరో?"

"సెల్లుల మీద."

నాకు అర్థమైంది. ఆ రోజు బ్యాటరీ సెల్లులు నీరసించిపోయి ఉన్నాయి. రికార్డర్ మోటారు మెల్లగా తిరుగుతుండగా సామేలు పాడాడు. మెల్లగా తిరిగినప్పుడు ఎక్కిన పాట, మామూలు స్పీడులో పెడితే పరుగెత్తుతుంది, పైకెక్కుతుంది. గిటారు సన్నబడుతుంది, గొంతూ సన్నబడుతుంది. వీళ్లు వెతుకుతున్న గిటారు ఏ కంపెనీ చేయలేదు, ఏ బెంగళూరులోనూ దొరకదు. అది నీరసించిన సెల్లుల శబ్దం.

టేప్ రికార్డర్ మోటారు వెనక చిన్న బెజ్జం ఉంటుంది. లోపలి స్క్రూ తిప్పితే స్పీడు మారుతుంది. మూత తీసి, కేసెట్టులో మోత వినిపిస్తుండగా ఆ స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. మోత దిగుతూ దిగుతూ వచ్చి, బల్ల కింది మోతలో కలిసిపోయింది. రెండూ ఒకటే అయ్యాయి. అప్పుడు మాట వచ్చింది. నిండైన మగ గొంతు, తీరిగ్గా.

"ఎస్తేరూ, జర తలుపు పెట్టు. సప్పుడొస్తున్నది."

బయట బెంచీ కిర్రుమంది. ఎస్తేరు లేచి లోపలికి వచ్చింది. మా వైపు చూడలేదు. షాపు తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగి, గడియ పెట్టింది. పెట్టిన చేయి గడియ మీదే ఉంచి అట్లా నిలబడిపోయింది. సామేలు పాడుతున్నాడు.

పాట అయిపోగానే రికార్డర్ ఆపాను.

"గిది ఆయన గొంతు," అంది ఎస్తేరు. "నేను జెప్తనే ఉన్న. ఆయన గంత ఉరుకులాడి పాడెటోడు గాదని. ఎవలిన్నరు?"

ప్రభాకర్ తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను. నేను విప్పిన స్క్రూలు రెండూ బల్ల మీదే ఉన్నాయి. గబగబా బిగించేశాను. ప్రభాకర్ రీఇష్యూను రూతు ఒడిలో పెట్టాడు. ఈసారి తంతులు మామూలు శ్రుతిలోనే ఉంచి, కేసెట్టు మళ్లీ పెట్టి వాయించమన్నాడు. ఆ పిల్ల నా షాపులోని యాంప్లిఫయర్‌కు తగిలించి వాయించింది. తండ్రి గిటారు, ఆ పిల్ల గిటారు అణా పైసలతో కలిసిపోయాయి. ఏది ఎవరిదో నాకే తెలియలేదు.

"జెప్పలే నేను? గిదే మా అన్న గిటారు!" అని ప్రభాకర్ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

రూతు మధ్యలో ఆపేసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. సంతోషమనుకున్నాను. ఆ రోజు నేను అనుకున్నవన్నీ తప్పులే.

"ఈయనెవరో నాకు తెల్వదు," అంది. "చిన్నప్పటి సంది నేను మాట్లాడిన నాయిన ఈయన గాదు. నా నాయిన గొంతు సన్నగుంటది. గబగబ పాడ్తడు. నాకు జరమొస్తె గా గొంతే ఇన్న. పరీక్షలకు పోతె గా గొంతే ఇనుకుంట పోయిన. గాయన ఏడవోయిండు?"

లెక్క ప్రకారం ఇదే సరైంది బిడ్డా, అదంతా సెల్లుల నీరసం అని చెప్పబోయాను. మోత శ్రుతి మీద పాఠం చెప్పడానికి కూడా సిద్ధమయ్యాను.

ఎస్తేరు నా మాటకు అడ్డం వచ్చింది. "జెప్పకు అన్నా. నా మనిషి నాకు దొరికిండు. దాని నాయినను దానికుండనియ్యి."

మర్నాడు వెనక్కి పోయింది రీఇష్యూనే. సంచిలో పెట్టే ముందు ప్రభాకర్ దాన్ని ఎంతసేపు తుడిచాడో. కస్టమ్ రూతుది అయింది. అది తన చేతికి సరిపోతుంది, బటన్ నొక్కితే తనకు తెలిసిన నాయినకూ దగ్గరగా వస్తుంది. మామూలు స్పీడు రికార్డర్లు రెండు కలిపి, పాత సన్నటి గొంతుతోనే కేసెట్టుకు ఒక కాపీ తీసి ఆ పిల్లకిచ్చాను. అసలు కేసెట్టు, స్క్రూ తిప్పిన రికార్డర్ ఎస్తేరు తీసుకుపోయింది. "చెల్లె, ఇగ దాంట్ల ఏ కేసెట్టు పెట్టినా సాగదీస్తది," అని చెప్పాను. "ఏరేది పెట్టేదెవరు?" అంది.

పోయిన మా అమ్మ గొంతు నా దగ్గర ఏ కేసెట్టులోనూ లేదు. నన్ను పేరు పెట్టి పిలిచినట్టు ఒక్కోసారి అనిపిస్తుంది కానీ, అది ఆమె గొంతో, నేను నా స్పీడులో తిప్పుకుంటున్న గొంతో చెప్పలేను. ఏదైనా సరే, అది కూడా పోతుందేమోనని నాకు భయం. రూతు ఏడుపు అందుకే నాకు అంతగా అర్థమైంది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. కరెంటు బాగుపడింది. కాలిన మోటార్లు తగ్గాయి, నా పనీ తగ్గింది. తీగ చుట్టడంలో ఆ రోజు నేను కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. కానీ ఇప్పుడు ఎవరు ఏ వస్తువు తెచ్చినా స్క్రూడ్రైవర్ ముట్టుకోను. ముందు బయటికి వెళ్లి చూస్తాను. బెంచీ మీద ఎవరైనా కూర్చుని ఉంటే లోపలికి పిలిచి, "నీకెట్ల ఇనవడ్తున్నది, నువ్వు జెప్పు," అని అడుగుతాను.