కుడిపక్క టేపు

నా చిన్నప్పుడు ఆదోనికి పోయే దారిలో, ఒక దిగుడు మీద, మా నాయన పిడికిట్లో సైకిలు హ్యాండిలు లేదని నాకు తెలిసిపోయింది. చెయ్యి మాత్రం దాని మీదే ఉంది. నేను ముందు కడ్డీ మీద కూర్చుని ఉన్నాను కాబట్టి ఆ చెయ్యి నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. బ్రేకు పట్టబోయి వేళ్ళు బిగించాడు. ఎర్ర టేపు ఆ పిడికిలితో సహా గిర్రున తిరిగి, తొడుగు ఊడినట్టు కొసవైపుకి జారింది. లోపలి ఇనుము ఉన్నచోటే ఉంది. ఎదురుగా పత్తి బోరాలు ఎత్తుకున్న ఎద్దులబండి ఒకటి దారంతా ఆక్రమించి నింపాదిగా వస్తోంది. నాయన ఎడమచేత్తోనే సైకిలును పక్కకు లాగాడు. ఇద్దరం రేగడి చేనులో పడ్డాం.

నాకు మోకాలు గీరుకుపోయింది, అంతే. నాయన కుడి మణికట్టు మాత్రం చూస్తుండగానే వాచిపోయింది. ఆయన ముందు నన్ను తడిమి చూశాడు, తర్వాత చేనులో చెదిరిపడ్డ చీరల మూట చూశాడు, తన చెయ్యి ఆఖర్న చూసుకున్నాడు.

మాది ఎమ్మిగనూరు. మా ఇంట్లో మగ్గం ఉండేది. నేసిన చీరలు నాయన సైకిలు మీద ఆదోనికి తీసుకుపోయి అంగడిలో ఇచ్చి వచ్చేవాడు. ఆ సైకిలు మా తాతది. నేను పుట్టకముందే ఆయన పోయాడు. ఇంట్లో ఆయన ఫోటో లేదు. ఆయన చేతి గుర్తుగా మిగిలింది సైకిలు హ్యాండిలుకు రెండు పక్కలా ఆయన చుట్టిన నవారు పట్టీ ఒక్కటే. దాన్ని నాయన ఎన్నడూ విప్పలేదు. అది చిరిగితే పైన సైకిలు ట్యూబు కోసి చుట్టాడు. ట్యూబు పగిలితే దాని మీద చీర అంచు గుడ్డ చుట్టాడు. ఆ ఏడు దసరాకు, ఆయుధపూజ అని, ఆదోని నుంచి తెచ్చిన ఎర్ర ప్లాస్టిక్ టేపు అన్నిటి మీదా చుట్టాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ అలవాటు మగ్గం నుంచి వచ్చిందేమో అనిపిస్తుంది. మగ్గం మీద పడుగు అయిపోవస్తే పాత పోగుల కొసలను తీసి పారెయ్యరు. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికే అతుకుతారు. పాతది ముందుకు లాక్కుపోతే కొత్తది వెనకాలే పోగులు దూరే అల్లులోకి వస్తుంది. పుట్టినప్పటి నుంచి అదే చూసిన మనిషికి పాతదాన్ని పూర్తిగా విప్పి మొదలుపెట్టాలన్న ఆలోచన ఎట్లా వస్తుంది?

దసరా నాడు పక్కింటి అన్న ఆ హ్యాండిలును చూసి, “ఏమప్పా, సైకిలుకు తలపాగా సుట్టినావే!” అని నవ్వాడు. “నీకు సుట్టుకునే రాత లేదులే, సైకిలుకన్నా ఉండనీ,” అని నాయన కూడా నవ్వాడు. కొత్త టేపు ఎండకు మెరుస్తుంటే నేను మురిసిపోయాను. అంత కొత్తగా కనబడే దాన్ని ఎవరైనా ఎందుకు అనుమానిస్తారు?

నాయన మణికట్టుకు కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చున్నాడు. కుడిచేత్తో తాడు లాగితేనే పేక పోగు మోసే నాడె అటూ ఇటూ పోయేది, కాబట్టి మగ్గం ఆగిపోయింది. మగ్గం చప్పుడు లేని ఇల్లు నేను ఎరగను. పొద్దున లేవగానే ఎవరో రావలసినవాళ్ళు రాలేదన్నట్టు ఉండేది. అమ్మ నూలు కండెలు చుట్టి, గంపలో పెట్టి, ఆ గంప వైపు చూస్తూ ఉండిపోయేది. అడిగినవాళ్ళందరికీ నాయన ఒకటే చెప్పేవాడు, “దారి బాగలేదప్పా, రాళ్ళు లేచిపోయిండాయి.” చెయ్యి నయమైన మరునాడే మళ్ళీ ఆదోనికి పోతానని, ఈసారి కూడా పాపను తీసుకుపోతానని అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడని తెలుసు. నాకు మాత్రం మళ్ళీ ఆ కడ్డీ ఎక్కాలంటే భయం. చెప్పడానికీ భయం. చూసింది నేనొక్కదాన్నే. దారిని తిడుతున్న నాయనతో, తప్పు దారిది కాదు, తాత చుట్టిన హ్యాండిలుది అని ఎట్లా అనగలను?

నన్ను అడిగింది మా అవ్వ. పక్కన కూర్చోబెట్టుకుని, “పాపా, నువ్వు ముందర కూసోనుంటివి గదా. ఏం సూసినావు?” అంది. టేపు తిరిగిందని చెప్పాను.

మరునాడు మధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడు, సైకిలును వాకిట్లో నిలబెట్టమంది. చెంబుతో నీళ్ళు తెచ్చి నా రెండు చేతులూ తడిపింది. నాయన అరుగు మీద నుంచి, “తడిసేత్తో ఎవరైనా సైకిలు తొక్కుతారా మ్మా?” అన్నాడు.

“సెమట బట్టిన సెయ్యి ఇంగెట్లుంటాదిరా? పొద్దున సల్లగా ఉన్నప్పుడు పట్టుకుంటే ఏదైనా గట్టిగానే ఉంటాది,” అంది అవ్వ.

నన్ను ఎడమపక్క పట్టుకుని మెలిపెట్టమంది. శక్తి కొద్దీ తిప్పాను. కదల్లేదు. కుడిపక్క పట్టుకుని తిప్పాను. పైన ఎర్ర టేపు, కింద గుడ్డ, దాని కింద ట్యూబు, అన్నీ కలిసి నా చిన్న చేతికే తిరిగాయి. నాయన అరుగు దిగి వచ్చాడు. అవ్వ అప్పటికే టేపు కొస వెతుకుతోంది.

“మ్మా, లోపల ఉండేది నాయన సుట్టింది,” అన్నాడు. ఆ గొంతు మా నాయనది కానట్టు, నా వయసు పిల్లవాడిది లాగా వినిపించింది.

“నాకు తెల్దా? ఆయప్ప సుట్టేటప్పుడు ఈ కొస పట్టుకున్నది ఎవరనుకున్నావు?” అని అవ్వ టేపు లాగుతూనే ఉంది. “నీకు పట్టు దొరకాలని సుట్టినాడు. దానికోసం బిడ్డను సేన్లో పడెయ్యమని సెప్పి పోలేదు.”

ఎర్ర టేపు, చీర అంచు, ట్యూబు ముక్క ఒకటొకటిగా వచ్చాయి. అన్నిటి కిందా తాత చుట్టిన నవారు ఉండాలి. పట్టీగా అది లేదు. ఏళ్ళ చెమటకు, నూనెకు చివికిపోయి, జిడ్డు పట్టిన నల్లటి మసిలాగా ఇనుముకు అంటుకుని ఉంది. జారింది అదే. మా నాయన ఏళ్ళ తరబడి పైన పొర మీద పొర చుట్టి దాచుకున్నది ఆ మసిని.

అవ్వ వేలితో కొంచెం తీసి చూసింది. ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఇటుక పొడి, కొబ్బరిపీచు తెమ్మని నన్ను లోపలికి పంపింది. నేను వచ్చేసరికి ఆమె కళ్ళు తుడుచుకుని ఉంది. ఇనుము తెల్లగా కనబడేదాకా తోమింది, పొడిగుడ్డతో తుడిచింది, మగ్గం దగ్గరున్న కొత్త నవారు పట్టీ తీసి, బయటి కొస నుంచి లోపలికి, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేటట్టు బిగించింది. మళ్ళీ నా చేతులు తడిపి తిప్పమంది. కదల్లేదు.

నాయన ఎడమపక్క టేపు కొస పట్టుకున్నాడు, అది కూడా విప్పేద్దామని. అవ్వ ఆయన చేతి మీద మెల్లగా కొట్టింది. “దాన్నేల ముట్టుకుంటావు? అది పట్టుకోనే ఉంది గదా. ఉండనీ.”

నాయన లేచిన కొసను బొటనవేలితో మళ్ళీ అదిమి అంటించాడు. ఆ తర్వాత నెలకో రెండు నెలలకో ఒకసారి అవ్వ నన్ను పిలిచి, చేతులు తడిపి, ఆ పక్క తిప్పించేది. నేను పెద్ద బడికి పోయే ఏడు అది కూడా కదిలింది. అప్పుడు అవ్వను పిలవలేదు. నాయనే కూర్చుని విప్పాడు.

ఇప్పుడు నేను ఆదోనిలోనే ఉంటున్నాను. చదువుకున్నాను, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. పొద్దున పిల్లల్ని వాళ్ళ నాయన సైకిలు మీద బడికి తీసుకుపోతాడు. పెద్దవాడు ముందు కడ్డీ మీద, చిన్నది వెనక క్యారియరు మీద. నేను భయస్తురాలిని. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడతాను. ఆ సైకిలూ పాతదే. హ్యాండిలుకు టేపు నేనే చుట్టాను, పెళ్ళయిన కొత్తలో, ముచ్చటపడి. మొన్న చూస్తే కొసలు చిరిగి వేలాడుతున్నాయి. ఆ రోజంతా నాకు వేరే పని తోచలేదు. “కొస చిరిగితే సైకిలు మానేస్తామా ఏందే?” అని మా ఆయన నవ్వాడు. నేను మాత్రం సాయంత్రం కత్తెర పట్టుకుని సైకిలు దగ్గరికి పోయాను.

కత్తిరించే ముందు చేతులు తడుపుకున్నాను. కుడిపక్క మెలిపెట్టాను, ఎడమపక్క మెలిపెట్టాను. ఏదీ కదల్లేదు. చూపుకు చిరిగింది, పట్టు పోలేదు. వేలాడే కొసలు మాత్రం కోసి, కత్తెర లోపల పెట్టేశాను. భయం పోయిందని చెప్పను. కానీ నా భయం చెప్పేది వేరు, చెయ్యి చెప్పేది వేరు అని తెలుసుకునే దారి ఒకటి మా అవ్వ నాకు ఇచ్చి పోయింది. ఇన్నేళ్ళుగా సైకిలుకే కాదు, చాలా వాటికి దాన్నే వాడుకుంటున్నాను.

మరునాడు పొద్దున పిల్లలకు తల దువ్వుతూ ఇద్దరికీ చెప్పాను. “నాయన చేతి కింద టేపు కదిలినట్టు కనబడితే వెంటనే సైకిలు ఆపమనండి. బడికి ఆలస్యమైనా ఫర్వాలేదు, దిగి నడిచి రండి. ఇంటికి వచ్చాక విప్పేద్దాం. అది అమ్మ చుట్టింది కదా అని మాత్రం ఊరుకోవద్దు.”