ముప్పై వేల ముప్పై ఒకటి

2022 వానాకాలం చివర. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో నా డీటీపీ సెంటర్. డీటీపీ అంటే చేతిరాతను కంప్యూటర్లో కంపోజ్ చేసి అచ్చుకు సిద్ధం చేయడం. శుభలేఖలు, కరపత్రాలే ఎక్కువ. పాతపట్నం దగ్గరి వరి రైతు అప్పలస్వామి మాత్రం లెక్కల కాగితాలతో రైలు దిగి వచ్చాడు.

"సోమవారం ఎచ్చెర్ల యూనివర్సిటీలో లెక్కల మాస్టార్లకిస్తాను. నా పేరు పెద్దచ్చరాల్లో ఎయ్యి బాబూ. పదో తరగతి లెక్కల్లో తప్పీసినోడినని ఊల్లో ఇప్పటికీ ఎక్కిరిస్తారు."

ప్రూఫ్, అంటే తప్పులు దిద్దుకోడానికి తీసే నమూనా కాపీ, చూసేటప్పుడు అంకెలు రాతప్రతిలో ఉన్నట్టే ఉంటే చాలు. అవి నిజమా కాదా అన్నది మా పని కాదు. కానీ నేను గ్రంథాలయంలో లెక్కల బీరువా మొత్తం చదివినవాణ్ణి. ఊరుకోలేకపోయాను.

ప్రధాన సంఖ్యలంటే ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ భాగం పోనివి. వాటిని మొదటినుంచీ వరసగా గుణించి ఒకటి కలిపితే మళ్లీ ప్రధాన సంఖ్యే వస్తుందని ఆయన సూత్రం. రెండునీ మూడునీ గుణించి ఒకటి కలిపితే ఏడు. ఐదుతో కూడా గుణిస్తే ముప్పై ఒకటి. తర్వాత 211, 2311. పదమూడు దాకా గుణిస్తే 30031. ఎంత దూరం పోయినా ఇంతేనని రాశాడు.

2311 వరకు నిజమే. 30031ని కాలిక్యులేటర్ మీద ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోయాను. యాభై తొమ్మిది దగ్గర శేషం మిగల్లేదు.

"మావా, 59ని 509తో గుణిస్తే ఇది వచ్చీసింది."

ఆయన నమ్మలేదు. ప్రూఫ్ వెనక్కి తిప్పి, చేత్తో గుణించి చూసుకున్నాడు.

"యాబై మూడు దాకా సేసినాను బాబూ. ఈలోగా కాలవకి నీరొచ్చీసింది. వరి ఊడుపులకెల్లిపోనాను. తిరిగొచ్చి, ఇన్నింటికి పోనిది ఇంక దేనికి పోతాదిలే అనుకున్నాను."

యాభై మూడు తర్వాతి ప్రధాన సంఖ్య యాభై తొమ్మిదే. ఇంకొక్క భాగహారం.

ఆయన ముఖం చూడలేక, చదివిందంతా చెప్పాను. "నీ లెక్క ఊరికే పోలేదు మావా. 59, 509 రెండూ నువ్వు గుణించిన వాటిలో లేవు. ఇలా సేసినప్పుడల్లా కొత్త ప్రధాన సంఖ్య ఏదో ఒకటి దొరికి తీరతాది. అంటే వాటికి అంతు లేదన్నమాట."

"అయితే అదే ఎయ్యి! నా పేరుతో!"

"అది రెండు వేల ఏళ్ల కిందటే గ్రీసు దేశంలో ఒక పండితుడు రాసీసాడు మావా."

"ఓలమ్మో! నాను విత్తు సల్లీలోగా పంట కోసుకుపోనారేటి!" అని గట్టిగా నవ్వాడు. నవ్వు తగ్గాక మెల్లగా అన్నాడు. "మరైతే నానేటి సేసినట్టు బాబూ?"

నేను ప్రూఫ్ మడిచి ఆయన చేతికిచ్చాను. కాగితాలు సంచిలో పెట్టుకుని స్టేషన్ వైపు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

జవాబు రైలు వెళ్లిపోయాక తోచింది. ఆ గ్రీకు రుజువును నేను బీరువాలోంచి తీసి చదివాను. ఆయనకు బీరువా లేదు. దుక్కికీ ఊడుపుకీ మధ్య, ఎవరూ దారి చూపకుండా, ఆ గ్రీకు పండితుడి గుమ్మం దాకా ఒక్కడే నడిచొచ్చాడు.

ఇప్పుడు ఎవరి ప్రూఫ్‌లో తప్పు కనిపించినా, దిద్దేముందు ఇక్కడిదాకా ఎలా వచ్చారని అడుగుతాను. అడగాల్సిన మనిషిని మాత్రం అడగలేదు. ఆ ఫైలు నా కంప్యూటర్లోనే ఉంది. పేరు పెద్దక్షరాల్లోనే ఉంది.