దిది మీద నేను పెట్టిన అర్జీ

ఒడిశాలోని రాయగడలో మా వాకిట్లో మనవరాలు గౌరి ముగ్గు మీద వంగి కూర్చుని ఉంది. దాని వెనకే నా చేతిలోంచి నీళ్ల బకెట్టు జారి గచ్చు మీద పడింది. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. గౌరి తిరగలేదు. అప్పటికి దానికి అయిదేళ్లు. మెనింజైటిస్‌తో ఆస్పత్రిలో ఉండి వచ్చి రెండు నెలలైంది.

"ఏటమ్మీ, సెవుల్లో దూది ఎట్టుకున్నావా?" అన్నాను ముందుకెళ్లి. నా మొహం చూసి నవ్వింది. నేనూ నవ్వేశాను. కోడలు లక్ష్మి నవ్వలేదు.

ఒడియా బడిలో వేశాం. నెల తిరక్కుండా టీచరు ఇంటికొచ్చింది. ఇక్కడ అందరూ ఆమెను దిది, అంటే అక్క, అంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల పేర్లు రాసుకునే సర్వే కాగితం ఆమె చేతిలో ఉంది.

"మవుసా, పాపకి వినపడదు. పేరు రాస్తాను, క్యాంపులో డాక్టర్ చూస్తాడు" అంది వచ్చీరాని తెలుగులో, నన్ను బాబాయి వరసలో పిలుస్తూ.

నాకు ఒళ్లు మండింది. నేను బడి మొహం చూసినవాణ్ని కాను. మున్సిపాలిటీ నీళ్ల పంపు దగ్గర పనిచేస్తూ, పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఏ ఆఫీసులో ఏ తెలుగువాణ్ని ఎవడు కసిరాడో అన్నీ గుర్తే.

"మా పిల్లకి సెవుడేటి? దానికి మీ ఒడియా అర్థం అవదు. ముందు తెలుగు మేస్టర్ని ఎయ్యమని సర్కారుకి సెప్పు!"

మా ఇంట్లో అలాంటి పిల్లలు లేరని రాయించి సంతకం పెట్టాను. అక్కడితో ఆగానా? తెలుగు పిల్ల మీద చెవిటి ముద్ర వేస్తున్నారని పై ఆఫీసుకి అర్జీ పెట్టాను. దిదిని సంజాయిషీ అడిగారని తెలిసి, టీ కొట్టు దగ్గర గొప్పలు చెప్పుకున్నాను.

రెండేళ్లలో గౌరి మాటలు ఒక్కొక్కటే పోయాయి. 'తాతా' కాస్తా 'ఆఆ' అయింది. చివరికి లక్ష్మి, "మీరు వచ్చినా రాకున్నా నేను ఎల్తన్నాను మామా" అని పిల్లతో కోరాపుట్ పెద్దాస్పత్రికి బస్సెక్కింది. వెనకే ఎక్కాను.

చెవి నరం పనిచేస్తోందో లేదో చూసే బెరా టెస్ట్ కోసం పిల్లను నిద్రపుచ్చి తలకు వైర్లు అంటించారు. "మెనింజైటిస్ వల్ల రెండు చెవులూ సివియర్ లాస్. ఇంత లేటుగా తెచ్చారేం?" అన్నాడు డాక్టరు. ఒడియా రాకేమో అనుకున్నామన్నాను.

"సరే, వెనక నుంచి తెలుగులో పిలిస్తే పలుకుతోందా?"

లక్ష్మి నా వంక చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

వికలాంగ సర్టిఫికెట్‌కి నెలల తరబడి తిరిగాం. హియరింగ్ ఎయిడ్ వచ్చింది కానీ, చెవిలో పెట్టే మోల్డ్ సరిపోక కీచుమని కూసేది. గౌరి రెండుసార్లు పీకి విసిరేసింది. స్పీచ్ నేర్పే స్పెషల్ టీచరు మండలంలాంటి ఈ బ్లాకులో ఇన్ని బళ్లకూ ఒక్కరే. మా బడికి వారానికోసారి వస్తే గొప్ప. ఇదేం సర్కారు?

బడికెళ్లి, "తప్పు నాది దిదీ" అన్నాను. ఆమె నోటు పుస్తకాలు దిద్దుతూనే, "అర్జీ బాగా రాస్తారు కదా మవుసా. ఇంకో స్పెషల్ టీచరు కావాలని రాయండి ఇప్పుడు" అంది. రాస్తూనే ఉన్నాను.

గౌరికిప్పుడు తొమ్మిదేళ్లు, రెండో తరగతి. మెషీన్ పెట్టుకుంటుంది, పెదాలు చూసి పోల్చుకుంటుంది. తెలుగూ ఒడియా కలిపి చిన్న చిన్న మాటలు పలుకుతోంది. సర్కారును నిలదీస్తూనే ఉంటాను. కానీ ఆ రెండేళ్లు పోగొట్టింది సర్కారు కాదు, నేను.

మెనింజైటిస్ వచ్చిన పిల్లను డిశ్చార్జి చేసే రోజే హియరింగ్ టెస్ట్ అడగండి. బడివాళ్లు పేరు రాసుకోవడానికి వస్తే కూర్చోబెట్టి రాయించండి. నేను దిదికి కుర్చీ కూడా వెయ్యలేదు.