మొగుడి ఎంగిలి

ఉమ్మి గురించి రాయబోతున్నాను. అన్నం ముందు కూర్చుని చదివే అలవాటున్నవాళ్ళు ముందు భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి చదవండి. నా ఉద్యోగం చాలావరకు పరాయివాళ్ళ ఉమ్మి చుట్టూనే గడిచింది. ఏలూరులో హెల్త్ ఇన్‌స్పెక్టరుగా ఉండేవాణ్ణి. కలరా వస్తే నూతుల్లో మందు కలపడం, మశూచి వస్తే టీకాలు వేయించడం, మిగతా రోజుల్లో మురుగుకాలవ పక్కన ముక్కు మూసుకుని నిలబడి ఎవరినో ఒకరిని కసురుకోవడం నా పని.

పందొమ్మిది వందల ముప్ఫైల చివర్లో ఢిల్లీ నుంచి దేశమంతటికీ పిలుపొచ్చింది, క్షయని తరిమెయ్యాలని. ఊరూరా సభలు పెట్టమన్నారు. మా ఆఫీసుకి ఒక కట్ట రంగు పటాలు, ఇంగ్లీషులో అచ్చేసిన ఉపన్యాసం ఒకటి వచ్చాయి. "దీన్ని తెలుగు చేసి జనానికి అర్థమయ్యేలా చెప్పవయ్యా. గ్రాంథికం దంచకు" అన్నారు మా పై ఆఫీసరుగారు.

ఆ ఇంగ్లీషు ఉపన్యాసంలో రోగి వాడిన పాత్రలు వాడకండి, రోగి పక్కన పడుకోకండి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గమనండి, మూతున్న డబ్బాలో ఉమ్మమనండి అని మూడు పేజీలు ఉంది. నేను రెండు రోజులు కూర్చుని, మూడు పేజీలకీ సరిపడే ఒక్క తెలుగు మాట పట్టుకున్నాను. ఎంగిలి! జబ్బు మనిషి ఎంగిలి విషం, అది తగలకుండా బతకండి. అంతే. ఆ మాట దొరికిన రోజు నేను ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

పొంగిపోనూ మరి? ఎంగిలంటే మనవాళ్ళకున్నంత పట్టింపు ఇంకెవరికుంది? మంచినీళ్ళ చెంబు పెదవికి తగలనివ్వరు, ఎత్తి పోసుకుంటారు. ఉప్పు చూసిన గరిటె మళ్ళీ గిన్నెలో పెడితే ఇల్లు ఎగరగొడతారు. తిన్నచోట పేడనీళ్ళతో అలికితే గాని అక్కడ కాలు పెట్టరు. ఇలాంటి జనానికి క్రిముల బొమ్మలు చూపించడం దేనికి, ఎంగిలి అంటే చాలదూ అనుకున్నాను.

మొదటి పెద్ద సభ తాడేపల్లిగూడెంలో, ఒక బియ్యం మిల్లు ఆవరణలో పెట్టారు. అధ్యక్షులు ఆ ఊరి పెద్దమనిషి. జరీ కండువా, వేళ్ళకి ఉంగరాలు, బుగ్గలో పుగాకు. నేను పటం మీద పుల్ల పెట్టి, "ఎక్కడపడితే అక్కడ ఉమ్మెయ్యకూడదండీ" అంటూంటే, ఆయన కుర్చీలోంచి పక్కకి వంగి, గోడకేసి తుపుక్కున ఉమ్మేశారు. ఆ చార పటం కిందనుంచి కారుతూనే ఉంది. జనంలో ఒక్కరి మొహంలోనైనా మార్పు లేదు. తర్వాత ఆయనే లేచి, కండువాతో మూతి తుడుచుకుని, "మా ఊళ్ళో అందరూ ఆచారం ఉన్నవాళ్ళేనండీ. ఎంగిలి తినేవాళ్ళెవరూ లేరండీ. క్షయ మా ఊరి పొలిమేర తొక్కదండీ!" అన్నారు. చప్పట్లు మోగాయి. థూ అనాలనిపించింది. ఏం చెయ్యను, ఉమ్మొద్దని చెప్పడానికి వెళ్ళినవాణ్ణాయె.

ఆ రోజుల్లోనే మండవల్లి నుంచి మా చెల్లెలు ఉత్తరం రాసింది. వాళ్ళాయనకి దగ్గు తగ్గడం లేదట, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతోందట. ఆ మర్నాడు నాకు కొల్లేటికోటలో సభ ఉంది. దారే కదా అని మండవల్లిలో దిగాను. మా బావగారు రైతు, ఒకప్పుడు వడ్ల బస్తా ఒంటిచేత్తో బండి మీదకెత్తిన మనిషి. అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. పక్కనే కొబ్బరిచిప్ప పెట్టుకుని అందులో ఉమ్ముతున్నాడు. దాని మీద ఈగలు ముసురుతున్నాయి. అందులో ఎర్రటి జీర కనపడింది. చూడగానే నాకు అర్థమైపోయింది.

చెల్లెల్ని దొడ్లోకి పిలిచి, "అమ్మాయ్, ఇది క్షయే. డాక్టరు చూస్తాడు, అది వేరే సంగతి. నువ్వు మాత్రం అతని ఎంగిలి తగలకుండా జాగ్రత్తగా ఉండాలి. తెలిసిందా?" అన్నాను.

దానికి కళ్ళనీళ్ళు తిరిగాయి గాని, "ఎంగిలి సంగతి నాకు తెలీదా అన్నయ్యా?" అంది. దాని వయసు ఇరవై రెండు. ఇంకా పిల్లల్లేరు. బావగారు బతకాలని అది దేవుళ్ళకి మొక్కుకుంటూంటే, ఆ జబ్బు దీనికి పాకకూడదని నేను మనసులో మొక్కుకున్నాను. ఈగలు వాలకుండా మూత డబ్బా ఒకటి కొనిచ్చి, నా సంచిలో ఉన్న క్రిములు చంపే మందు సీసా ఒకటి ఇచ్చి పడవెక్కాను.

కొల్లేటికోటలో సభ పొద్దున్నే జరిగింది. దడుల మీద ఆరేసిన చేపలు, నాచు వాసన, మోకాలి లోతు బురద. మగవాళ్ళు సగంమంది వలల మీద ఉన్నారు. వచ్చినవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. నా ఉపన్యాసం అప్పటికి నాకే కంఠతా వచ్చేసింది. ఎంగిలి, ఎంగిలి అని అప్పజెప్పి పటాలు చుట్టేస్తున్నాను. వెనకనుంచి ఒకావిడ లేచింది. నడివయసు మనిషి. తట్ట నెత్తినే ఉంది, చేపలమ్ముకోడానికి వెళ్ళబోతూ ఆగినట్టుంది.

"బాబుగారండీ, ఒక్క మాటండీ. మా ఆయనకి దగ్గండి. ఆయన తిన్న కంచంలోనే నేనూ తింటానండి, పెళ్ళైన కాణ్ణించీ అంతేనండి. అదీ ఎంగిలేనాండీ?" అంది.

తాడేపల్లిగూడెంలో, ఏలూరులో, అన్ని సభల్లో, అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరికీ తట్టని ప్రశ్న అది. మొగుడు తిని లేచాక అదే కంచంలో పెళ్ళాం వడ్డించుకుని తినడం మా ప్రాంతంలో ఇంటింటా ఉన్నదే. మా అమ్మ మా నాన్న కంచంలోనే తినేది. మా ఆవిడ నా కంచంలో తినేది. దాన్ని ఎంగిలని ఎవరూ అనరు. అసలు ఆ మాట దాని దగ్గరికే రాదు.

ఆవిడ అడిగింది నిజంగా తెలుసుకుందామనే. అప్పటికే ఎండ ఎక్కింది, నాకు ఆకలేస్తోంది, పడవవాడు తొందరపెడుతున్నాడు. పైగా అంతసేపు బొమ్మల్లా కూర్చున్న జనాన్ని ఒక్కసారి నవ్వించి వెళ్దామని వెధవ సరదా ఒకటి. "మొగుడి ఎంగిలి ఎంగిలేమిటమ్మా! అది ప్రసాదం కాదూ?" అన్నాను.

జనం గొల్లున నవ్వారు. ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. "బాగా సెప్పారండీ బాబుగారు!" అన్నారు ఎవరో. ఆవిడ మాత్రం నవ్వలేదు. కాసేపు నాకేసి చూసి, తట్ట సర్దుకుని వెళ్ళిపోయింది. నేను పడవలో కూర్చుని నా చమత్కారానికి నేనే మురిసిపోతూ వచ్చాను. ఛీ!

నెల దాటాక మళ్ళీ మండవల్లి వెళ్ళాను. సరిగ్గా భోజనాల వేళకి చేరాను. బావగారు వసారాలో పీట మీద కూర్చుని తింటున్నాడు. డాక్టరు బలమైన తిండి పెట్టమన్నాడని గుడ్లు, నెయ్యి, గడ్డపెరుగు అన్నీ కంచంలో ఉన్నాయి. పాపం, అతనికి సయించడం లేదు. నాలుగు ముద్దలు తిని, దగ్గి, మూతి తుడుచుకుని లేచాడు. మీగడంతా ఒక పక్కకి తీసి వదిలేశాడు. అది పెళ్ళాం కోసమని చూస్తేనే తెలుస్తోంది. మంచివాడే. అదే వచ్చిన తంటా.

మా చెల్లెలు వచ్చి ఆ పీట మీదే కూర్చుని, ఆ కంచంలోనే అన్నం వడ్డించుకుంది. నా కళ్ళముందే ఆ మీగడ అన్నంలో కలిపింది. కలిపిన చోట కంచం అంచున, అతని నోట్లోంచి పడిన మెతుకులు ఇంకా తడిగా ఉన్నాయి. వెళ్ళి దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావే నువ్వు! ఎంగిలి తినొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదే!"

అది తెల్లబోయింది. "ఎంగిలేంటన్నయ్యా? మా ఆయన కంచమేగా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు చెప్పివెళ్ళాక నాకూ అనుమానం వచ్చింది. మూడు రోజులు వేరే కంచంలో తిన్నాను. మంచం కూడా వేరే వేసుకున్నాను. అత్తయ్యగారు ఒకటే ఏడుపు, బతికుండగానే నా కొడుకుని వెలేశావని. ఏం చెయ్యాలో తోచలేదు. ఇంతలో కొల్లేటికోట నుంచి చేపలు తెచ్చేవాళ్ళు చెప్పారు, 'మీ అన్నగారు ఎంత బాగా సెప్పారోనండీ, మొగుడి ఎంగిలి పెసాదమన్నారండీ' అని. ఇక నాకు బెంగ తీరిపోయింది. ఆ రోజే మంచం మళ్ళీ లోపల, ఆయన పక్కనే వేసుకున్నాను" అంది.

నిజంగా హాయిగా చెప్పింది. నాకు థాంక్స్ చెబుతున్నట్టే ఉంది.

అది సరదాకి అన్నానే అన్నాను. క్రిములన్నాను, తుంపర్లన్నాను, మూడు పేజీల ఇంగ్లీషు ఉపన్యాసం అప్పుడు వల్లించాను. వాళ్ళ అత్తగారు గుమ్మంలో నిలబడి, "సభలో ఒక మాట, ఇంట్లో ఒక మాటా బాబూ? అంతమందిలో చెప్పింది అబద్ధమంటారేటండీ?" అంది. మూత డబ్బా కోసం వెతికితే, అందులో ఆవాలు పోసుకున్నారు. కొబ్బరిచిప్ప అరుగు మీదే ఉంది, ఈగలూ ఉన్నాయి.

ఏలూరు వచ్చిన మర్నాడు నేను భోంచేసి లేవగానే మా ఆవిడ నా కంచం ముందు కూర్చోబోయింది. లాక్కుని దొడ్లోకి విసిరేశాను. "నేనేం తప్పు చేశానండీ?" అని బిక్కమొహం వేసింది. ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు. ఎనిమిదేళ్ళుగా రోజూ నా కళ్ళముందే జరుగుతున్నా నాకు కనపడలేదు. చూపు లేనివాణ్ణి ఊరూరా పటాలు చూపిస్తూ తిరిగాను.

కొల్లేటికోట ఆవిడ ఏమైందో కనుక్కోలేదు. ఆ తర్వాత అక్కడ సభ పడ్డప్పుడల్లా ఇంకొకరిని పంపాను. వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

ఏడాది తిరిగేసరికి బావగారికి నయమైంది. ఒళ్ళు చేసి, మళ్ళీ పొలం వెళ్ళడం మొదలుపెట్టాడు. మా చెల్లెలికి దగ్గు మొదలైంది. ఇప్పటి డాక్టర్లనడిగితే కంచం కన్నా దగ్గు తుంపర్లే అసలు దోషం, పక్కన పడుకోవడమే ప్రమాదం అంటారు. కావచ్చు. ఆ మంచాన్ని లోపలికి తెప్పించింది కూడా నా ఒక్క మాటే.

దానికి జబ్బు చేసిందని ఉత్తరం అందిన రోజే వెళ్ళాను. అరుగు మీద మా చెల్లెలు లేదు, వసారాలో లేదు. దొడ్లో, గొడ్ల సావిడి పక్కన తాటాకులతో చిన్న పంచ దించి, అందులో నులకమంచం వేశారు. మంచం పక్కన ముంత, సొట్టలు పడ్డ రేకు కంచం. పేడకంపు. మనిషి సగమైపోయింది. నన్ను చూసి లేవబోయి, దగ్గొచ్చి కూలబడింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. మూత డబ్బాలో ఆవాలు ఖాళీ చేసి తెచ్చిచ్చినట్టున్నారు, అందులోనే ఉమ్మింది.

వాళ్ళ అత్తగారు పది గజాల దూరంలో ఆగి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "మీరు చెప్పినట్టే చేస్తున్నామండీ బాబూ. కంచం వేరు, మంచం వేరు. ఎంగిలి ఇంట్లోకి రానివ్వడం లేదండీ" అంది. ఎంత శ్రద్ధగా చెప్పిందో! నేను తెలుగు చేసిన ఉపన్యాసం ఈ చుట్టుపక్కల ఎక్కడైనా పూర్తిగా అమలు జరిగిందంటే ఆ దొడ్లోనే. బావగారు సావిడి గుంజకి ఆనుకుని ఏడుస్తున్నాడు. ఏడుస్తున్నాడు గాని, ఇటువైపు రాలేదు.

నేను మంచం దగ్గరికి వెళ్ళబోతే మా చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కడే ఉండు అన్నయ్యా" అంది. కాస్త ఊపిరి తీసుకుని నవ్వింది. చిన్నప్పుడు నన్ను ఏడిపించేటప్పుడు నవ్విన నవ్వే.

"మొగుడి ఎంగిలి ప్రసాదమన్నావు. మరి పెళ్ళాం ఎంగిలి ఏమవుతుందో ఆ సభలో ఎవరూ అడగలేదా?"

ఎవరూ అడగలేదని చెప్పాను. తర్వాత ఎవరూ ముట్టుకోని ఆ రేకు కంచం తనే తీసుకుని, గోడ పట్టుకుని వెళ్ళి, బూడిదతో రెండుసార్లు తోముకుంది.