మిల్లు పట్టిన శ్రుతి

మా బ్యాండు మొదటి ఆల్బమ్‌లో ఒక పాటకు నేను బేస్ గిటార్ వాయించలేదు. విన్నవాళ్లంతా ఆ పాటలోనే బేస్ అద్భుతంగా ఉందంటారు.

నాకు సూర్యాపేటలో కళ్లద్దాల షాపు ఉంది. ఊరి చూపు సరిచేస్తాను గానీ ఇంట్లో నా వినికిడి మీద ఎవరికీ నమ్మకం లేదు. బ్లూస్ బ్యాండు పెట్టినమని చెప్తే మా అత్తమ్మ, "మంచిదే బిడ్డా, బ్లౌజులకు గిరాకీ ఎప్పుడూ ఉంటది," అన్నది. నేను సరిదిద్దలేదు. పాటలకు గిరాకీ ఎంతుందో అడుగుతుందేమోనని భయం.

బ్యాండులో నలుగురం. గిటార్ నా చిన్ననాటి దోస్తుది, వాడికి మిర్యాలగూడలో మోటార్ వైండింగ్ షాపు. డ్రమ్స్ మా బామ్మర్ది, లాప్‌టాప్‌లో రికార్డింగు చేసేదీ వాడే. పాడేది కోదాడ అన్న.

కోదాడ అన్న మొహం తెలియనివాళ్లు ఉంటారేమో గానీ, మా మూడు ఊళ్లలో ఆయన గొంతు తెలియనివాళ్లు లేరు. ఆటోకు మైకు కట్టుకుని తిరుగుతాడు. చీరల ఎగ్జిబిషనైనా, తప్పిపోయిన బర్రైనా ఆయన చెప్తేనే జనానికి నమ్మకం. మా షాపు కంటి క్యాంపుకు కూడా ఆయనే చెప్పాడు. ఆ రోజు అద్దాలకని వచ్చి కూర్చుంటే, నా ఫోన్లో ఏదో అమెరికా బ్లూస్ పాట నడుస్తోంది.

"ఏంటి సార్ ఇది, చెప్పిన ముక్కే మళ్లీ చెప్తున్నాడు?"

బ్లూస్‌లో ఒక లైను పాడతారు, దాన్నే మళ్లీ పాడతారు, అసలు సంగతి మూడో లైనులో చెప్తారు అని వివరించాను.

"ఇంతేనా! నేను రోజూ ఆటోలో చేసేది అదే కదండీ," అన్నాడు. పరీక్ష ఫ్రేము ముక్కు మీద ఉండగానే, కళ్లు మూసుకుని అందుకున్నాడు:

లారీ పోయింది, దుమ్ము నా దగ్గర ఆగింది
లారీ పోయింది, దుమ్ము నా దగ్గర ఆగింది
నువ్వు పోయావు, నీ పేరు నా నోట్లో ఆగింది

షోకేసులో ఫ్రేములన్నీ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నట్టు అనిపించింది. ఆ పాట ఎవరి గురించి అని అడిగితే, "హైవే పక్కన పుట్టినోడికి ఎవరో ఒకరు పోతూనే ఉంటారు సార్," అన్నాడు. ఆ సార్ కొన్నాళ్లకు తమ్ముడయ్యాడు.

పాటలు పోగయ్యాయి. ఆల్బమ్ చేద్దాం, ఈ సీజను అయిపోనీ, ఆ పెళ్లిళ్లు కానీ అనుకుంటూనే ఉన్నాం. ఇంతలో అన్న గొంతు బొంగురుపోవడం మొదలైంది. పై స్థాయికి పోతే చిరుగుతోంది. సూర్యాపేటలో డాక్టరు గొంతులోకి కెమెరా పెట్టి చూసి, చిన్న గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలన్నాడు. "గొంతు ఉంటుంది. కానీ ఇదే గొంతు ఉంటుందని మాట ఇవ్వలేను."

బయటికి వచ్చాక అన్న మా బామ్మర్ది భుజం మీద చెయ్యేశాడు. "ఇదే రాకపోతే ఎవరిదొస్తుందిరా? మీ బావదైతే మాత్రం నాకొద్దు."

నవ్వాం. బస్టాండు దాకా ఆయన వెంట నడిచాం. కోదాడ బస్సు ఎక్కబోతూ ఆయన వెనక్కి తిరిగి, "గొంతు ఉన్నప్పుడే ఆల్బమ్ పట్టేద్దాం తమ్ముడూ," అన్నాడు.

మా దోస్తు తను మోటార్లు బాగుచేసే ఒక రైసు మిల్లు యజమానిని అడిగి, మిర్యాలగూడలో ఒక గోడౌను సంపాదించాడు. కొత్త రేకులు వేసి ఇంకా బస్తాలు దించలేదు. "గాలే గదా ఉన్నది, వాయించుకోండ్రి," అన్నాడాయన. లోపల చప్పట్లు కొడితే, పదిమంది మెచ్చుకున్నట్టు వినపడింది. నా జీవితంలో అన్ని చప్పట్లు అదే మొదటిసారి.

మైకులు పెట్టామో లేదో, పక్క మిల్లు ఆన్ అయింది. గోడలోంచి, నేలలోంచి ఒకటే హోరు.

బామ్మర్ది హెడ్‌ఫోన్స్ తీసేశాడు. "బావా, ఇది పాట కాదు, కరెంటు బిల్లు."

మా దోస్తు పోయి బతిమాలి, మొహం వేలాడేసుకుని వచ్చాడు. "లోడు పోవాల్నట. 'నువ్వు చుట్టిన మోటారే, ఆగుమంటే ఎట్ల ఆగుతది' అంటున్నడు."

అయినా ఒకసారి ప్రయత్నించాం. లారీ పాట పై స్థాయిలో అన్న గొంతు గుడ్డ చిరిగినట్టు చిరిగింది. ముగ్గురం నేలకేసి చూశాం. ఆయన ఖాళీ గోనె సంచుల మీద కూర్చుని నీళ్లు తాగాడు. ఆపరేషన్ ఆ వారంలోనే.

చేసేది లేక మిల్లు ఆగడం కోసం కూర్చున్నాం. కాసేపటికి అన్న పెదాలు మూసుకుని, ఊరికే ఆ హోరుతో పాటు కూనిరాగం తీస్తున్నాడు. చానాసేపు తీశాడు. ఎక్కడా చిరగలేదు. ఉన్నట్టుండి తలెత్తాడు.

"ఒరేయ్, ఇంత కింద పాడితే నొప్పి లేదురా."

మా దోస్తు గిటార్ తీసుకుని, తీగలు ఒక్కొక్కటే వదులు చేస్తూ, గోడకు చెవి పెట్టి, మిల్లు హోరును అందుకునేదాకా దించాడు. "ఇగ పాడు అన్నా."

నేను ఉత్సాహంగా బేస్ అందుకున్నాను. ఏది మీటినా హోరుకు అడ్డం తగులుతోంది.

"నువ్వు జర ఆగురా. నీ పని మిల్లు చేస్తది," అన్నాడు మా దోస్తు.

"పైగా తాళం తప్పుతలేదు బావా," అన్నాడు బామ్మర్ది.

బేస్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అన్న మొదలుపెట్టాడు. అంత కింది నుంచి ఆయన గొంతు ఎప్పుడూ వినలేదు. లారీ పోయింది అంటే రేకులు కదిలాయి. రెండోసారి అన్నప్పుడు, ఆ మాట ఎవరిదో నాకు తెలియలేదు. ఆయనదా, గోడదా, ఇంత వడ్లు దంచి ఇంతమందికి అన్నం పంపిన ఆ ఊరిదా! మూడో లైనుకు ముందు ఆయన ఊపిరి పీల్చుకున్న చప్పుడు విన్నాను. అప్పుడు ఒళ్లో ఏదో కదిలినట్టయి కిందికి చూశాను. నా బేస్ తీగలు వణుకుతున్నాయి. నా వేళ్లు వాటి మీద లేవు. చాయ్ పట్టుకొచ్చిన మిల్లు యజమాని గడప దాటకుండా అక్కడే నిలబడిపోయాడు. పాట అయ్యేసరికి చాయ్ చల్లారింది, ఎవరూ వంక పెట్టలేదు.

మిల్లు ఆగాక మిగతా పాటలూ అదే శ్రుతిలో పట్టాం. వాటిలో నాకూ పని ఇచ్చారు, పాపం.

ఆపరేషన్ అయింది. డాక్టరు మాట్లాడొద్దన్న రోజుల్లోనే ఆల్బమ్ బయటికొచ్చింది. కోదాడలో ఒక చాయ్ హోటల్లో ఎవరో కుర్రాళ్లు ఫోన్లో పెట్టి, "ఈ గొంతు మన ఎగ్జిబిషన్ మైకాయనది కదరా?" "ఛా, ఆయనకింత లోతెక్కడిది?" అని వాదించుకున్నారట. అన్న పక్క బల్ల మీదే ఉన్నాడు. నోరు విప్పకూడదు. చెయ్యెత్తాడట. ఇంకో చాయ్ కావాలేమోనని తెచ్చి పెట్టారు. ఇదంతా మాకు ఫోన్లో టైపు చేసి పంపాడు.

మాట్లాడొచ్చని డాక్టరు చెప్పిన రోజు, ఇంటికి కూడా పోకుండా మిర్యాలగూడకే పోదామని సైగ చేశాడు. మొదటి మాట అక్కడేనట. మా దోస్తు షాపులో ఉన్న నా బేస్ కూడా వెంట తీసుకున్నాను. గోడౌను ఇప్పుడు రేకుల దాకా బస్తాలు. చప్పట్లు కొట్టి చూశాను. ఈసారి ఒక్కణ్ణే మెచ్చుకున్నాను. పక్కన మిల్లు మాత్రం అదే హోరు.

అన్న గోడకు అరచెయ్యి ఆనించి నోరు తెరిచాడు. ముందు గాలి వచ్చింది. మళ్లీ గాలే. మా దోస్తు వేరే దిక్కు తిరిగాడు. తర్వాత ఒక సన్నని దారం లాంటి గొంతు బయటికి వచ్చి, వెతుక్కుంటూ పోయి, మిల్లు శ్రుతి మీద నిలబడింది. ఆ గరుకు లేదు, ఆ లోతు లేదు. ఇప్పుడే కడిగినట్టుంది. లారీ పోయింది అన్నాడు. మళ్లీ అన్నాడు. ఆ మనిషిని ఇన్నేళ్లుగా ఎరిగిన నేను, ఎవరో కొత్తవాణ్ణి చూస్తున్నట్టు నోరు తెరుచుకుని చూస్తున్నాను.

మూడో లైను దగ్గర ఆగి నా వైపు తిరిగాడు.

"ఏంటి తమ్ముడూ అట్లా చూస్తావు? ఈ గొంతును మిల్లు ఒక్కటే మొయ్యలేదు. బేస్ తియ్యి."