ఉగ్రాణం నుంచి గాడిపొయ్యి దాకా

నా చిన్నప్పుడు, కంప్యూటరనే మాట పల్నాడు చెవిన పడకముందే, మాచవరంలో నేనొక కంప్యూటర్ని నడిపించాను. నవ్వకండి. నడిపించింది నేను కాదు, మా మేనత్త. అది కంప్యూటరూ కాదు, బాబాయి కూతురి పెళ్లిలో వంటశాల. మిగతాదంతా నిజమే.

మగపెళ్లివారు విస్తళ్ల ముందు కూర్చున్నారు. పప్పు వచ్చింది, పులుసు రాలేదు. ఇంకాస్త ఆలస్యమైతే అలిగి లేచిపోయేలా ఉన్నారు. పాలిపోయిన ముఖంతో బాబాయి, ఇంకో గాడిపొయ్యి తవ్వమని కేకలు పెడుతున్నాడు.

"ఏందిరా తవ్వేది? ఉన్న పొయ్యే ఊరికే మండుతుంది, కనపడట్లా?" అంది మేనత్త.

నిజమే. పెళ్లి సరుకంతా పెరటి చివర ఉగ్రాణం గదిలో ఉంది. చిటికెడు ఉప్పు కావాలన్నా అక్కడికి పరుగెత్తాలి. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఇరుకు గుమ్మంలో గుద్దుకుంటుంటే, వంటాయన గరిటె పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

మేనత్త పొయ్యి పక్కనే పీట వేయించింది. మాటిమాటికీ కావలసిన ఉప్పు, కారం, చింతపండు, బెల్లం చిన్న గిన్నెల్లో దాని మీద పెట్టించింది. బస్తాలు ఉగ్రాణంలోనే ఉండిపోయాయి. మధ్యలో పిల్లలందరినీ వరుసగా నిలబెట్టింది. తను గుండిగ మీద గరిటెతో టంగుమనిపిస్తే, చేతిలోది పక్కవాళ్లకి అందించాలి. ఒక టంగుకి సరుకు ఇటు, మరో టంగుకి ఖాళీ గిన్నె అటు. "మధ్యలో కదిలారో, వాత పెడతా!" అంది. మాకదో కొత్త ఆట. నవ్వుకుంటూనే అందించాం. పులుసు కుతకుత ఉడికింది. మగపెళ్లివారు మారు అడిగి మరీ వేయించుకున్నారు.

మొన్న ఇంజనీరింగ్ చదివే మా మనవరాలు కంప్యూటర్ పెట్టె విప్పి చూపించింది. లెక్కలు చేసే ప్రాసెసర్, దాన్నానుకునే చిన్న మెమరీ, దూరంగా సరుకంతా దాచే డిస్కు, మధ్యన దారులు, అన్నిటినీ తాళంలో కదిలించే గడియారం. "ప్రాసెసర్ ఎంత చురుకైనదైనా, సరుకు అందకపోతే ఊరికే కూర్చుంటది తాతయ్యా" అంది. నాకు మాత్రం పులుసు వాసన కొట్టింది.

ఇప్పటికీ ఎక్కడైనా పని నత్తనడక నడిస్తే, చేసేవాణ్ణి తిట్టేముందు వాడి చేతికి కావలసింది అందుతోందా అని చూస్తాను. ఆ చూపు మా మేనత్తదే.

ఆ వరుసలో నేనే అందరికన్నా చురుకని మనవరాలికి చెబుతుంటే, ఆనాడు నా పక్కనే నిలబడ్డ మా అక్క అందుకుంది.

"చాల్లే ఊరుకోరా! నీ చేతికొచ్చిన బెల్లం ఒక్కసారన్నా ముందుకు పోయిందా? అత్తయ్య నిన్ను చెవి పట్టి అవతలికి ఈడ్చాకే పులుసు ఉడికింది."