ఇంజిన్ ఆపిన కారులో పన్నెండు వోల్టులు

ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తలో శంషాబాద్‌లో నేను పనిచేసిన షాపు ఓనరును తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బండి ఎక్కడుందో కంపెనీకి తెలిపే వైర్‌లెస్ బోర్డులను మేము క్యాబులకు బిగించేవాళ్లం. బోర్డు మీది రెగ్యులేటర్ వచ్చిన కరెంటును మూడు పైచిలుకు వోల్టులకు దించి, సిగ్నల్ పంపే మాడ్యూల్‌కి ఇస్తుంది. ఆ రెగ్యులేటర్‌కి పన్నెండు వోల్టులు దాటి ఇవ్వకూడదు. ముందొక చిన్న కన్వర్టర్ పెట్టి, ఆరుకు దించి ఇద్దామని ఓనరు దగ్గర నెత్తీనోరూ కొట్టుకున్నాను.

"కారు బ్యాటరీ పన్నెండే గదమ్మా. లైన్ల పెట్టి పొద్దంత చూసిన, ఏం గాలే. నీ సదువు నీ దగ్గర్నే పెట్టుకో," అన్నాడు.

లైనంటే ఎయిర్‌పోర్టు పార్కింగులో క్యాబుల వరుస. డీజిల్ దండగని అక్కడ ఎవరూ ఇంజిన్ వేయరు. వరుస కదిలితే డోరు తీసి, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, బండిని తోసుకుంటూ పోతారు. ఆ మహానుభావుడి పరీక్షంతా అక్కడే! ఇంజిన్ నడిస్తే వోల్టేజి పద్నాలుగు దాటుతుందంటే వింటేగా.

మొదటి బోర్డు మా అన్న బండికే పడింది. మా ఇల్లు నడిచేది ఆ బండి మీదే. సిగ్నల్ రాని బండికి కంపెనీ ట్రిప్పులివ్వదు. అన్న హైవే ఎక్కాడో లేదో బోర్డు చచ్చింది. కంపెనీకి తెలియకుండా దొంగ ట్రిప్పు కొట్టడానికి వైరు పీకాడని కంపెనీ సూపర్‌వైజర్ బండిని లైన్లోంచి తీసేశాడు. పక్కనే ఉన్న మా ఓనర్, "గీ డ్రైవర్లంత గింతే సార్," అని వంత పాడాడు.

మర్నాడు వోల్టులు కొలిచే మీటరు పట్టుకుని పార్కింగుకే పోయాను. సూపర్‌వైజర్, ఓనర్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. అన్నతో ఇంజిన్ వేయించాను. మీటరు పద్నాలుగు దాటింది.

"జర చూడుండ్రి సార్! బోర్డు తట్టుకునేది పన్నెండే. మా అన్న వైరు ముట్టలే, రెగ్యులేటర్ కాలింది."

సూపర్‌వైజర్ మీటరు వైపు తల కూడా తిప్పలేదు. "ఇవన్నీ నాకెందుకమ్మా? తప్పు ఒప్పుకుంటే బండి ఇప్పుడే లైన్లో పెట్టుకోమను. లేదంటే ఇంటికి తీసుకెళ్లమను."

అన్న ఇంజిన్ ఆపి దిగాడు. "ఒప్పుకోకే అన్నా, నీ కాళ్లు మొక్కుత," అని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు.

"నేనే పీకిన సార్. తప్పయింది."

సిగ్గు లేని ఆ ఓనర్ అప్పటికే సంచిలోంచి ఇంకో బోర్డు తీసి నా చేతిలో పెట్టాడు. కన్వర్టర్ లేదు, పాడూ లేదు.

"ఇది గూడ కాలితె?" అన్నాను అన్నతో.

"మళ్ల నేనే పీకిన అని చెప్త. నువ్వు బిగియ్యి చెల్లె."